డేటా సెంటర్ల విధానం – మాజీ సైనికుల వంతు

(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఇంటర్మీడియట్ చదివి సైన్యంలో చేరినవాణ్ణి. కంప్యూటర్ల గురించి చెప్పేంతవాణ్ణి కాదు. కాని సిగ్నల్స్‌లో 28 ఏళ్ళ సర్వీసులో ఎక్కువ కాలం జనరేటర్ల దగ్గరే గడిపాను. అందుకే ఈ విషయం ఎంచుకున్నాను.

మనం ఫోనులో పంపే డబ్బు లెక్క, స్పర్శ్‌లో మన పింఛను వివరాలు గాలిలో ఉండవు. ఎక్కడో ఒక భవనంలో వరసగా పేర్చిన సర్వర్లలో ఉంటాయి. అదే డేటా సెంటర్. సర్వర్లు రాత్రింబవళ్ళు నడుస్తాయి, బాగా వేడెక్కుతాయి. వాటిని చల్లబరచాలి. కరెంటు పోతే ముందు బ్యాటరీలు మోస్తాయి, ఆ కాసేపట్లోనే జనరేటర్ అందుకోవాలి. మన సిగ్నల్ సెంటర్‌లో జరిగేదీ ఇదే కదా!

చెల్లింపుల సమాచారం మన దేశంలోనే ఉంచాలని 2018 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. 2022 బడ్జెట్‌లో కేంద్రం డేటా సెంటర్లకు మౌలిక వసతుల హోదా ప్రకటించింది. అంటే రోడ్లు, రేవుల మాదిరిగా వీటికీ దీర్ఘకాలిక అప్పు సులువవుతుంది. తెలంగాణ 2016లోనే, ఉత్తరప్రదేశ్ 2021లో ప్రత్యేక విధానాలు తెచ్చాయి. 2025 అక్టోబరులో గూగుల్ సంస్థ విశాఖలో ఐదేళ్ళలో 1500 కోట్ల డాలర్లు పెడతామని ప్రకటించింది. గిగావాట్ స్థాయి అన్నారు, అంటే 1000 మెగావాట్లు. అక్కడికి దగ్గరున్న సింహాద్రి థర్మల్ కేంద్రం మొత్తం సామర్థ్యమే 2000 మెగావాట్లు. ఎంత కరెంటో మీరే లెక్క వేసుకోండి.

దేశం సమాచారం దేశంలో ఉండటం మంచిదే. నేను వ్యతిరేకిని కాను. కాని భూమిలో, కరెంటులో ఇచ్చే రాయితీలు ప్రజల సొమ్ము. కట్టేటప్పుడు చాలామందికి పని దొరుకుతుంది. నడిచేటప్పుడు కొద్దిమంది చాలు. ఆ కొద్దిమందిలో మనవాళ్ళు ఎక్కడ ఉంటారు?

రిటైరయ్యాక నేను అలాంటి ఒకచోట ఉద్యోగానికి వెళ్ళాను. నా డిశ్చార్జి బుక్కు తిరగేసిన కుర్రవాడు "మాజీ సైనికులంటే సెక్యూరిటీయే కదా అంకుల్" అని గేటు దగ్గర వేశాడు. కాపలా చిన్న పని అనను. రెండేళ్ళు చేశాను. ఒక రాత్రి కరెంటు పోయింది. జనరేటర్ స్టార్టయింది గాని, ఇంజను చప్పుడు ఎక్కుతూ దిగుతూ ఉంది. డీజిల్ లైనులో గాలి చేరిందని వినగానే నాకు అనిపించింది. కాని గేటు వదలరాదు, లోపలికి వెళ్ళే కార్డు నాకు లేదు. రిజిస్టరు పట్టుకుని అలాగే నిలబడ్డాను. రెండో జనరేటర్ అందుకుంది కాబట్టి సరిపోయింది.

తప్పంతా ఆ కుర్రవాడిది కాదు. సివిల్ వాళ్ళకు అర్థమయ్యే కాగితం నా చేతిలో లేదు. అందుచేత తమ్ముళ్ళూ, పునరావాస కోర్సు ఎంచుకునేటప్పుడు మీ ట్రేడుకు సరిపోయేది తీసుకోండి. ఎలక్ట్రికల్ పని చేసినవారు రాష్ట్ర లైసెన్సింగ్ బోర్డు పర్మిట్టు సంపాదించుకోండి.

సంఘం పెద్దలకు ఒక మనవి. రాయితీ పొందే కంపెనీ ఎందరికి ఉద్యోగం ఇచ్చిందో, ఎంత నీరు, ఎంత కరెంటు వాడిందో ఏటా ప్రకటించాలని, మాజీ సైనికులను ట్రేడు చూసి తీసుకోవాలని ప్రభుత్వాలకు రాయండి. గేటు దగ్గరే కాదు, జనరేటర్ గదిలో కూడా మనకు పని ఉంది.

జై హింద్.