విషవాయువు వీధిని పడినప్పుడు
(పఠనమందిర సభలో చేయబడిన ప్రసంగము)

 

2020 మే 7వ తేదీ తెల్లవారుజామున విశాఖపట్టణమున, వెంకటాపురము చెంతనున్న ఒక కర్మాగారపు తొట్టినుండి స్టైరీను ఆవిరి వెలువడి, నిద్రించుచున్న జనులను క్రమ్ముకొన్నది. 12 మంది అసువులు బాసిరి. ఆ వేళ సైరను మ్రోగలేదని ప్రభుత్వము నియమించిన ఉన్నతాధికార సంఘమే తేల్చినది. కర్మాగారమునకు పేరునకైనను సైరను కలదు. మన ఊరి మీదుగా పోవు ట్యాంకరునకు అదియును లేదు. అది బోల్తాపడినచో మొదట దానిని చేరువారు అధికారులు కారు; మనమే. కావున ఈ విషయము మనము నేర్వవలసినది.

అమ్మోనియా, ఇథిలీన్ ఆక్సైడు, హైడ్రోజన్ సల్ఫైడు మున్నగునవి ఊపిరికి విషములు. నిప్పు తగిలినచో మండునవి. వీనిని ద్రవరూపమున ట్యాంకులకెత్తుదురు. ఎండకు ద్రవము పెరుగును గనుక ట్యాంకును నిండార నింపరాదు. బండిపై వాయువు పేరు, దాని అంతర్జాతీయ సంఖ్య, అపాయచిహ్నము, టెలిఫోను సంఖ్య గల పలక యుండవలెననియు, డ్రైవరు తగిన శిక్షణ పొందియుండవలెననియు 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమములు శాసించుచున్నవి. ఆ పలకపై 1005 అనియున్నచో అమ్మోనియా. 1040 అనియున్నచో ఇథిలీన్ ఆక్సైడు. దూరమునుండియే దానిని చదివి, 112కు తెలుపవలెను.

పలక చదువుటకై దగ్గరకు పోరాదు. అన్ని వైపుల కనీసము 100 మీటర్లు జనమును తొలగింపవలెను. ట్యాంకరు మంటలలో చిక్కినచో 1600 మీటర్లు. గాలి పోవు వైపునకు పరుగెత్తక, మేఘమునకు అడ్డముగా తొలగి, గాలి వచ్చు దిక్కునకు, మెరకకు చేరవలెను. ఇథిలీన్ ఆక్సైడు, హైడ్రోజన్ సల్ఫైడు గాలికంటె బరువైనవి. పల్లములను, కాలువలను, నేలమాళిగలను ఆశ్రయించును. బీడీ ముట్టింపరాదు, బండి ఇంజను త్రిప్పరాదు. కారుచోట నేరుగా నీరు పోయరాదు. కారుట నాపగల్గిననే తప్ప మంట నార్పరాదు. ఆర్పినచో మండని వాయువు వ్యాపించి, మఱియొక నిప్పుకై కాచుకొనియుండును.

హైడ్రోజన్ సల్ఫైడు కుళ్లిన గ్రుడ్ల కంపు కొట్టును. అది మిక్కుటమైనప్పుడు ముక్కు మొద్దుబారి కంపు తెలియదు. కంపు పోయినది గనుక భయము పోయినదని తలచువాడు ప్రాణము గోల్పోవును.

ఇక కఠినమైన మాట యొకటి చెప్పవలసియున్నది. పడినవానిని చూచి దయగలవాడు ఊరకుండలేడు. కాని శ్వాసయంత్రము లేక విషమున జొచ్చిన దయాళువు వాని ప్రక్కనే కూలును. వానికై మూడవవాడు పోవును. అట్టిచోట్ల ఒక్క శవమునకు బదులు మూడు శవములు లేచుట పలుమారులు జరిగినది. అట్టి వేళ జనమును నిలువరించుటయే నిజమైన దయ, నిజమైన ధైర్యము.

మన వీధులగుండ ఏ వాయువులు, ఏ వేళ పోవుచున్నవో తెలిసికొను అధికారము మనకు కలదు. పురపాలక సంఘమును ఆ లెక్క అడుగుదము. ఆ చిహ్నములను, సంఖ్యలను ఈ మందిరపు గోడపై అంటింతము. అక్షరము నేర్చినవానికి ఆ పలక చదువుటయు రావలెను. సైరను మ్రోగని చోట చదువుకొన్న పౌరుడే సైరను కావలెను.