‘వందేరి’ అన్న మాటకు మా తిరువలం జవాబు
(సమాఖ్య వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగం)

మేము ఎనిమిదో తరగతితో బడి నిలిపి మగ్గం గుంటలోకి దిగినోళ్ళం. స్టాకు పుస్తకం, కూలీ పుస్తకం రాసేదానికి చెయ్యి తిరిగిందే గానీ ప్రసంగానికి నోరు తిరగలేదు. తప్పులుంటే పెద్దలు సర్దుకోవాలి.

నూలు రేటు గురించి, రిబేటు బాకీ గురించి మాట్లాడమని మనవాళ్ళు చెప్పినారు. అది ఏటేటా మాట్లాడేదే, వచ్చే ఏడు కూడా మిగిలే ఉంటుంది. ఈసారి వేరే సంగతి ఒకటి చెప్పాలనుకుంటున్నాం.

2024 నవంబరులో చెన్నై ఎగ్మూరులో జరిగిన ఒక సభలో ఒక నటి తెలుగువాళ్ళ పూర్వీకుల గురించి ఒక మాట అనింది. ఆ మాట ఇక్కడ మళ్ళీ చెప్పం. తరువాత ఆమె దాన్ని వెనక్కి తీసుకునింది, కేసూ అయింది, అరెస్టూ అయింది. కానీ ఫోన్లలోకి పోయిన మాట వెనక్కి వస్తుందా? కొన్నాళ్ళు మన పిలకాయల చేతుల్లో అదే. ఆ పక్కనుంచి ‘వందేరి’ అంటారు. ఎక్కడినుంచో వచ్చి చేరినోడు అని అర్థం. ఈ పక్కనుంచి మనవాళ్ళు అంతకంటే చెడ్డ మాట అంటారు. ఆ రోజుల్లోనే ఒక తెల్లవారి సంఘం తాళం తీయబోతే, మా తెలుగు బోర్డు కింద గోడ మీద బొగ్గుతో ఆ మాటే రాసి ఉంది.

నిజం చెప్పాలంటే ముందు కోపం వచ్చింది మాకే. పిలకాయలను కేకేసి పిలిచిందీ మేమే. మా ఊరి విల్వనాథేశ్వరుని గుళ్ళో నంది స్వామివైపు చూడడు, బయటికి మొగం పెట్టి ఉంటాడు. అభిషేకానికి నీళ్ళు తెచ్చే అయ్యవారిని అడ్డగించిన రాక్షసుని మీదికి పోయినాడని కథ. ఆ పొద్దు మా పిలకాయలు అట్లనే వీధివైపు మొగం పెట్టి నిలబడినారు. ఎవని మీదికి పోవాలో మాత్రం ఎవరికీ తెలీదు.

అప్పుడు వచ్చినాడు మా నూలుకు రంగు వేసే ఆయన. తమిళాయన. ముప్పై ఏండ్లుగా మా సంఘం నూలుకు రంగు ఆయన చేతిదే. ఎవరు రాసినారని అడగలేదు. బకెట్లో నీళ్ళు, ఒక గోనెపట్ట తెచ్చి తుడిచినాడు. బొగ్గు పూర్తిగా పోలేదు, మసకబారింది. చేతులు కడుక్కుంటా అన్నాడు: “సెక్రటరీ, ఇది తుడిస్తే పోతుంది. మీ భజన మందిరం గడప ఎవరు తుడుస్తారు?”

ఆ మాట ఏమిటో ఈ సభలో కొందరికి అర్థమై ఉంటుంది, కానివాళ్ళకు చెబుతాం. మా వీధి చివర అరుంధతీయుల ఇండ్లు ఉన్నాయి. వాళ్ళ ఇంటి మాట తెలుగే. మనం తమిళం కలిపి మాట్లాడినట్లే వాళ్ళూ మాట్లాడుతారు. జాతరకు తప్పెట కొట్టేది వాళ్ళు, చావుకు కొట్టేది వాళ్ళు. శనివారం భజనకు మాత్రం గడప దాటి లోపలికి వచ్చినవాళ్ళు లేరు. రావద్దని మేమేమీ బోర్డు పెట్టలేదు. పెట్టే అవసరమే లేకపోయింది. మమ్మల్ని వందేరి అన్నందుకు మాకు రాత్రి నిద్ర పట్టలేదు. వాళ్ళను మా తాతలు, నాన్నలు, మేము ఏమని పిలిచినామో, అప్పుడు వాళ్ళకు నిద్ర పట్టిందో లేదో మేము ఎప్పుడూ అడగలేదు.

కమిటీ పిలిచినాం. మూడు గంటలు జరిగింది. “వాళ్ళు మనల్ని తిట్టింది ఒక సంగతి, ఇది ఒక సంగతి, రెంటినీ ఎందుకు కలుపుతారు?” అని ఒక పెద్దాయన గట్టిగా అడిగినాడు. సరైన ప్రశ్నే. ఆయన లేచి పోయినాడు, ఇంతవరకు తిరిగి రాలేదు. ఆయన ఇంటికి నాలుగుసార్లు పోయినాం, ఇంకా పోతాం.

ఆ కమిటీలో బెంగళూరు నాగరత్నమ్మ గారి మాట వచ్చింది. ఆమె దేవదాసి కులంలో పుట్టిన గాయని. తిరువైయారులో త్యాగయ్య సమాధి పాడుపడి ఉంటే 1920లలో తన నగలు, ఆస్తులు అమ్మి గుడి కట్టించింది. కట్టించినామెను ఆరాధనలో పాడనియ్యలేదు, ఆడదని. ఆమె గుడికి తాళం వెయ్యలేదు, డబ్బు తిరిగి ఇమ్మని అడగలేదు. ఆడవాళ్ళను పోగుచేసి సమాధి వెనకపక్క కూర్చొని పాడింది. ఏండ్ల తరబడి పాడింది. 1940 ప్రాంతంలో అందరూ ఒకటైనారు. ఆడవాళ్ళు ఇప్పుడు అక్కడ ముందు వరసలో పాడుతున్నారు. తమిళ దేశంలో, తెలుగు పాటకు, మైసూరు పక్క పుట్టిన ఒక ఆడమనిషి చేసిన పని అది.

ఇంకొకటి కూడా చెప్పాలి. కచేరీల్లో అన్నీ తెలుగు పాటలే, మా తమిళం ఏమైందని తమిళులు అడిగినారు. అన్నామలై చెట్టియార్ ముందుండి నడిపించగా 1943లో తమిళ ఇసై సంఘం వచ్చింది. వాళ్ళు అడిగింది తప్పని మేము అనలేం. ఎవరి ఊళ్ళో వాళ్ళ మాట వినపడకపోతే నొప్పే. ఆ నొప్పి మనకు తెలియనిదా? 1911 దాకా చిత్తూరు, వేలూరు ఒకే జిల్లా. 1953లో ఆంధ్ర వేరుపడింది. 1960లో తిరుత్తణి ఇటు వచ్చింది. మా తాత ఈ మూడింటినీ ఒకే మగ్గంలో కూర్చొని చూసినాడు.

గుడియాత్తం వాళ్ళకు మేము చెప్పేదేముంది? 1954లో కామరాజర్ ముఖ్యమంత్రి అయినప్పుడు ఆయన ఎమ్మెల్యే కాడు. విరుదునగరం మనిషి వచ్చి గుడియాత్తంలో నిలబడితే గెలిపించి పంపినారు. బిడ్డ ఒకపూట బడికి, తక్కిన పూట తండ్రి పనికి అని రాజాజీ తెచ్చిన చదువును ఎత్తేసింది ఆయనే. 1953లో చేనేతకు గిరాకీ పడిపోయినప్పుడు అన్నాదురై తిరుచ్చి వీధుల్లో చేనేత గుడ్డలు భుజాన వేసుకొని అమ్మినాడు. అందులో ఏ భాష నేతగాడు నేసింది ఎంత అని ఎవరు లెక్కపెట్టినారు?

దూరదేశంలో కూడా ఇదే. 2017 ఫిబ్రవరిలో అమెరికాలో కాన్సాస్ రాష్ట్రం ఒలేతలో మన తెలుగు బిడ్డ కూచిభొట్ల శ్రీనివాస్‌ను ‘మా దేశం విడిచిపో’ అని అరిచి కాల్చి చంపినాడొకడు. పట్టుకోవడానికి లేచి తూటా తిన్న ఇయాన్ గ్రిలట్ కూడా ఆ దేశపు తెల్లాయనే. శ్రీనివాస్ భార్య సునయన ఆ దేశం విడిచిపోలేదు. అందరినీ రమ్మనే పేరుతోనే ఒక సంస్థ పెట్టింది. మన ఇండ్లలోనూ పిల్లలు పైదేశాల్లో ఉన్నారు కాబట్టి చెబుతున్నాం.

సరే, మా ఊరికి వస్తాం. ఆ శనివారం మేమే పోయి వీధి చివరి ఇండ్ల వాళ్ళను భజనకు పిలిచినాం. మొదట నమ్మలేదు. ఇద్దరే వచ్చినారు, గడప దగ్గర ఆగిపోయినారు. చెయ్యి పట్టుకొని లోపలికి తెచ్చేటప్పుడు మా చెయ్యీ వణికింది, దాచేది లేదు. భజన బాగా వచ్చిందా అంటే రాలేదు. తప్పెట ముందర మా తాళాలు వినపడనే లేదు. మందిరం చిన్నది, చెవులు గింగురుమన్నాయి. రెండో వారం వీధిలో చాప పరిచి కూర్చున్నాం, అప్పుడు కొంచెం కుదిరింది. రంగులాయన మా ఊరి స్వామి మీద సంబందర్ పాడిన తేవారం పాడినాడు. గొంతు బాగుండదు, భక్తి ఉంటుంది.

రాసిందెవరో తరువాత తెలిసింది. పదో తరగతి పిల్లోడు. వాళ్ళమ్మ మా సంఘానికే కండెలు చుడుతుంది. పోలీసుకు పోలేదు, ఆమె పనీ తీయలేదు. ఆ పిల్లోడు ఇప్పటికీ మాతో మాట్లాడడు. ఒక శనివారం మాత్రం రోడ్డవతల సైకిల్ నిలిపి చాలాసేపు వింటా ఉండినాడు.

ఇక మేము అడగాల్సింది ఒకటుంది. వైకాసి ఒకటో తేదీ గుడియాత్తం గంగమ్మ శిరసు పండగ. రేణుకమ్మ తల వేరే కులం ఆడమనిషి మొండానికి అతికిందని కథ. ఆ అమ్మకు టెంకాయలు కొట్టేటప్పుడు తల ఎవరిది, మొండెం ఎవరిదని ఎవరూ అడగరు. ఈ ఏడు మా భజన వాళ్ళు, తప్పెట వాళ్ళు కలిసి వస్తా ఉన్నాం. మొత్తం పద్దెనిమిది మంది. రాత్రి పడుకునేదానికి చోటు, పొద్దున టిఫిను గుడియాత్తం సంఘం వాళ్ళు చూడాలి. పద్దెనిమిది మందికీ ఒకే పంక్తి వెయ్యాలి. వేసేదానికి కుదురుతుందా, కుదరదా అని ఈ సభ ముగిసేలోపల మాకు చెప్పండి. కుదరదంటే మేము ఇంటినుంచే పులిహోర మూటలు కట్టుకొని వస్తాం. రావడం మాత్రం వస్తాం.