టాపిక్ వార్డులోనే దొరకాలి

నన్ను ఈ సదస్సుకు అధ్యక్షురాలిగా ఎన్నుకున్నారు. మానసిక ఆరోగ్య నర్సింగ్ చెప్పేవాళ్లూ, కంప్యూటర్ పాఠం చెప్పేవాళ్లూ ఒకే హాల్లో కలవడం మన కాలేజీల్లో అరుదు. కాబట్టి పొగడ్తలు పక్కనపెట్టి విషయానికి వస్తాను.

2021లో భారత నర్సింగ్ కౌన్సిల్ బీఎస్సీ నర్సింగ్ సిలబస్‌ను సెమిస్టర్ల పద్ధతికి మార్చింది. అందులో హెల్త్ ఇన్ఫర్మాటిక్స్ రెండో సెమిస్టర్‌లో ఉంది. మానసిక ఆరోగ్య నర్సింగ్ ఐదు, ఆరు సెమిస్టర్లలో వస్తుంది. అంటే పిల్లలు కంప్యూటర్ పేపరు రాసి, పాసై, హాయిగా మరిచిపోయాక సైకియాట్రీ వార్డు గుమ్మం తొక్కుతారు. ఈ రెండు సబ్జెక్టులూ మళ్లీ కలిసే వీలున్నది అసైన్‌మెంటులోనే. అక్కడ మనం ఇస్తున్నదేమిటి? ‘మానసిక వైద్యంలో సమాచార సాంకేతికత పాత్ర’. పాత్ర కాకపోతే ప్రభావం, అదీ కాకపోతే ప్రాముఖ్యం. ఆ వ్యాసం రాయడానికి రోగి మొహం చూడనక్కర్లేదు. సీనియర్ల ఫైలు చాలు. ఇప్పుడైతే ఫోనులో చాట్‌బాటే రాసిపెడుతోంది. పిల్లలు కాపీ కొడుతున్నారని విసుక్కుని లాభం లేదు, టాపిక్కే కాపీకి లొంగేలా ఉంది. వార్డులో నిలబడితే తప్ప జవాబు దొరకని టాపిక్ ఇవ్వాలన్నదే నా వాదన.

లిథియం సంగతి తీసుకోండి. బైపోలార్ జబ్బుకు వాడే ఈ మందు రక్తంలో లీటరుకు సుమారు 0.6 నుంచి 1.2 మిల్లీ ఈక్వివలెంట్ల మధ్య ఉండాలి. 1.5 దాటితే విషలక్షణాలు కనబడతాయి. ఒక్కోసారి అంతకు ముందే కనబడతాయి. మందుకూ విషానికీ మధ్య ఎడం అంతే. దానికి తోడు మన మే నెల ఎండలు. చెమటతో ఒంట్లో నీరు, ఉప్పు తగ్గితే మూత్రపిండాలు లిథియంను బయటికి పంపకుండా పట్టి ఉంచుకుంటాయి. మింగే మాత్ర అదే, రక్తంలో మోతాదు మాత్రం పెరిగిపోతుంది. కంప్యూటర్‌లో పోయిన వారం రిపోర్టు 0.9 అని పచ్చరంగులో నిశ్చింతగా ఉంటుంది. ఇక్కడ మంచం మీద మనిషికి టీ గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణికి దుప్పటి మీద ఒలుకుతోంది. పొద్దుట్నుంచి విరేచనాలు. మాట ముద్దముద్దగా వస్తోంది. నర్సు తెరను నమ్మాలా, మంచం మీది మనిషిని నమ్మాలా? మనిషినే. తర్వాతి డోసు ఇవ్వకుండా ఆపి వెంటనే డాక్టరుకు కబురు చెయ్యాలి. ఇప్పుడు పిల్లలను ఇలా అడగండి. సాఫ్ట్‌వేర్ హెచ్చరించాల్సింది ల్యాబ్ రిపోర్టు వచ్చినప్పుడా, నర్సు వణుకు, విరేచనాలు నమోదు చేసినప్పుడా? దీనికి జవాబు రాయాలంటే మందు గురించి తెలియాలి, కంప్యూటర్‌లో ఫారం ఎలా తయారవుతుందో తెలియాలి, ఆ చెయ్యి వణకడం కళ్లారా చూసి ఉండాలి.

ఆత్మహత్య ఆలోచనలున్న రోగిని పదిహేను నిమిషాలకోసారి చూసి చార్టులో రాయడం మరొకటి. డ్యూటీ దిగే ముందు ఒకే పెన్నుతో గడులన్నీ నింపేసిన కాగితాలు ఈ వృత్తిలో ఉన్నవాళ్లకు కొత్త కాదు. కంప్యూటర్ అయితే రాసిన టైము దానంతట అదే పడుతుంది. మంచిదే. కానీ ఆ టైము కోసం నర్సు కౌంటర్ దగ్గరే కూర్చుండిపోతే రోగి పక్కన ఎవరుంటారు? పైగా సరిగ్గా పదిహేను నిమిషాలకే వస్తారని రోగికి తెలిసిపోతే ఆ నడుమ ఖాళీ కూడా తెలిసిపోతుంది. ఇదీ ఒక టాపిక్.

గోప్యత మీద వ్యాసాలు ఇప్పటికీ నీతిబోధలాగే నడుస్తున్నాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 24వ సెక్షన్ చదివించండి. రోగి సమ్మతి లేకుండా ఫొటో గానీ వివరాలు గానీ మీడియాకు ఇవ్వకూడదని, ఎలక్ట్రానిక్ రూపంలో ఉన్న సమాచారానికీ ఈ గోప్యత వర్తిస్తుందని అందులో స్పష్టంగా ఉంది. కేస్ ప్రెజెంటేషన్ కోసం క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టిన కేస్‌షీట్ ఫొటో ఎన్ని ఫోన్లలో చేరి కూర్చుందో పిల్లల చేతే లెక్క రాయించండి. చట్టం అప్పుడు అర్థమవుతుంది.

2022 అక్టోబర్ 10న మొదలైన మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలి మానస్, 14416 నంబరు, మీకు తెలిసిందే. మానసిక స్థితి పరీక్షలో మనం మొదట నేర్పేది రూపం, ప్రవర్తన చూడడం. ఫోనులో ఆ రెండూ కనబడవు. గొంతు, మాటల మధ్య విరామం, వెనక వినబడే చప్పుళ్లు, ఇవే మిగులుతాయి. వీటితో ఆ పరీక్ష ఎంతవరకు రాయగలం? నాకైతే ఈ ఒక్క ప్రశ్నకే ఎమ్మెస్సీ థీసిస్ పెట్టవచ్చనిపిస్తుంది.

చివరగా ప్రాసెస్ రికార్డింగ్, అంటే రోగితో జరిపిన సంభాషణను విద్యార్థి మాటకు మాటగా రాసే రికార్డు. నర్సుకూ రోగికీ మధ్య సంబంధమే చికిత్సలో భాగమని హిల్డెగార్డ్ పెప్లావ్ 1952లోనే పుస్తకం రాశారు. 1966లో ఎంఐటీలో జోసెఫ్ వైజెన్‌బామ్ ఎలైజా అనే ప్రోగ్రామ్ ప్రచురించారు. అది మనం అన్న మాటనే తిప్పి ప్రశ్నగా అడిగేది, అంతకుమించి ఏమీ తెలియదు దానికి. అయినా జనం దానితో గుండె విప్పి మాట్లాడారు. మన విద్యార్థుల రికార్డులు కొన్ని చదివితే నాకు ఎలైజానే గుర్తొస్తుంది. “బాధగా ఉందా?” “అవును.” “ఎందుకు బాధగా ఉంది?” పక్కన ‘థెరప్యూటిక్ టెక్నిక్’ అని ఒక పేరు. అందుకే ఇక్కడ టాపిక్ ఇలా ఉండాలి: విద్యార్థి తన సంభాషణనూ, చాట్‌బాట్ సంభాషణనూ పక్కపక్కన పెట్టి, తాను చూసినది ఏమిటో, యంత్రానికి అందనిది ఏమిటో రాయాలి. ఆ బాట్‌తో మాట్లాడేటప్పుడు రోగి వివరాలు వాడకూడదు, కల్పించిన కేసే వాడాలి. ఏమీ తేడా లేకపోతే ఆ మాటే నిజాయితీగా రాయనివ్వండి, మార్కులు వేయండి.

సభకు నా విన్నపం ఒకటే. సాయంత్రం ముగింపు సమావేశంలోగా ప్రతి కాలేజీ ఒక్కొక్క టాపిక్ రాసి ఇవ్వాలి. దాని మీద కంప్యూటర్ అధ్యాపకులూ, మానసిక ఆరోగ్య నర్సింగ్ అధ్యాపకులూ ఇద్దరూ సంతకం చెయ్యాలి, మార్కులూ ఇద్దరూ కలిసే వెయ్యాలి. కాగితాలు రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర ఉన్నాయి.