మన ఇంట డిజిటల్ పటము
(ఉగాది సభలో చేసిన ప్రసంగపాఠము)



ఈ సభలో నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు అడిగినప్పుడు మొదట తప్పించుకొన జూచినాను. నేను పండితుణ్ణి కాను. ఎస్.ఎస్.ఎల్.సి. ప్యాసై, రైల్వే పార్సిలు ఆఫీసులో గుమాస్తాగా పని చేస్తున్నవాణ్ణి. "పాండిత్యము అక్కరలేదండీ. మీ ఊరి ఇంట్లో బొమ్మలు మారే పటము పెట్టినారట గదా, దాన్ని గురించే చెప్పండి. మనవాళ్ళు చాలామంది ఊళ్ళో పెద్దవాళ్ళకు అటువంటిది కొని పంపవలెనని చూస్తున్నారు" అని వారు అన్నారు. అనుభవము చెప్పుటకు భయమెందుకని ఒప్పుకొన్నాను.

మాది తుమకూరు జిల్లా పావగడ తాలూకాలో తిరుమణి వైపు ఒక పల్లె. మీలో చాలామంది ఊరు వదలి, రాష్ట్రము దాటి ఈ బెంగళూరు చేరినవారు. మేము కదలకుండానే పరరాష్ట్రపు తెలుగువారమైనాము. 1953లో ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినప్పుడూ, 1956 నవంబరు 1న రాష్ట్రములను మరల విభజించినప్పుడూ మా తాలూకా మైసూరు రాష్ట్రములోనే ఉండిపోయినది. చుట్టూ చాలావరకు ఆంధ్రదేశమే. ఇంట తెలుగు, బడిలో కన్నడము. తెలుగు అక్షరాలు నేను హిందూపురం బస్సుల బోర్డులమీద, సినిమా పోస్టర్లమీద కూడబలుక్కొని నేర్చుకొన్నవే. ఈ సంగతికీ పటమునకూ సంబంధమున్నది. ముందు మనవి చేస్తాను.

మా నడిమింట్లో గోడకు పైన, వాసాల దగ్గర, పటములు ముందుకు వంగి వరుసగా వ్రేలాడుతుండేవి. దేవుళ్ళు కొందరు, పెండ్లిండ్ల గ్రూపు ఫోటోలు కొన్ని, పూలదండ వేసిన తాతగారిది ఒకటి. 2021లో ఇంటికి సున్నము కొట్టించుటకు వాటిని దించితే వెనుక అట్టలనిండా చెదలు. కొన్నిటిలో మనుషుల కాళ్ళవరకు తినివేసినవి. అప్పుడు, ఉన్నవాటినన్నిటిని ఫోనుతో తీసి ఒక డిజిటల్ ఫ్రేములో పెట్టి మా అవ్వకు ఇవ్వవలెనని తోచినది. ఆమెకు అప్పటికి ఎనభై దాటినవి. మా ఇంటివీ, బంధువుల ఇండ్లలోవీ కలిపి 63 పాత ఫోటోలు పోగైనవి.

ఈ ఫ్రేము అంటే ఏమిటో తెలియనివారికి ఒక్క మాట. బొమ్మను చిన్న చిన్న చుక్కలుగా విడగొట్టి, ఆ చుక్కల రంగులను అంకెలుగా దాచి, మరల తెరమీద పరచి చూపే పెట్టె ఇది. 1975లో అమెరికాలో కొడాక్ కంపెనీ ఇంజనీరు స్టీవెన్ సాసన్ చేసిన మొదటి డిజిటల్ కెమెరా ఒక్క బొమ్మను క్యాసెట్టు టేపుమీద ఎక్కించుటకు 23 సెకండ్లు పట్టేది. ఆ బొమ్మలో ఉన్నవి 10,000 చుక్కలు మాత్రమే. ఇప్పుడు మా అవ్వ పటములో 10 లక్షల పైచిలుకు చుక్కలున్నవి.

ఇక కొనేటప్పుడు చూడవలసిన సంగతులు.

మొదటిది తెర. కొలత మూలనుండి మూలకు చెప్తారు. 7 అంగుళాలది మేజామీద మనకు చాలును గాని, కంటి చూపు తగ్గిన పెద్దవాళ్ళకు 10 అంగుళాలకు తక్కువ వద్దు. దానికి 1280 అడ్డము, 800 నిలువు చుక్కలుండేది తీసుకోండి. ఐ.పి.ఎస్. తెర అయితే ప్రక్కనుండి చూచినా రంగు మారదు. మన ఇండ్లలో పటమునకు ఎదురుగా కూర్చొని చూచేదెవరు? వంట చేస్తూ ఒకరు, చాపమీద పండుకొని ఒకరు చూస్తారు. కనుక ఇది ముఖ్యము.

రెండవది, బొమ్మ లోపలికి వచ్చే దారి. కొన్ని ఫ్రేములకు మెమొరీ కార్డుగాని పెన్‌డ్రైవుగాని పెట్టవలెను. కొన్నిటికి వై-ఫై ఉండును. ఇక్కడ మీరు ఫోనులో నొక్కితే అక్కడ ఊళ్ళో బొమ్మ పడును. రెండవది వినుటకు సొంపుగా ఉన్నది. కాని ఆ బొమ్మ మీ ఫోనునుండి నేరుగా పోదు. సాధారణముగా ఫ్రేము కంపెనీవారి కంప్యూటరుకు పోయి, అక్కడినుండి దిగును. ఆ కంపెనీ ఆ పని మానుకొన్ననాడు పంపే దారి మూసుకొనిపోవును. గూగులంతటి సంస్థయే ఉచితముగా ఎన్ని ఫోటోలైనా దాచే సౌకర్యమును 2021 జూన్ 1తో నిలిపివేసినది. ఇంట వై-ఫై స్థిరముగా ఉండి, పిల్లలు దూరదేశములో ఉన్నవారికి వై-ఫై ఫ్రేము మంచిదే. అయినా కార్డు పెట్టే సందు కూడా ఉన్నదానినే కొనండి. మా పల్లెలో ఇంటింటికీ వై-ఫై లేదు గనుక నేను కార్డుదే కొన్నాను.

మూడవది కరెంటు. పది వాట్ల ఫ్రేము రోజుకు 14 గంటలు వెలిగినా నెలకు నాలుగు యూనిట్ల పైచిలుకే. ఖర్చుకు భయపడనక్కరలేదు. భయపడవలసినది కరెంటు పోయి వచ్చినప్పుడు. కొన్ని ఫ్రేములు తిరిగి వెలిగినప్పుడు తమంతట తామే బొమ్మలు చూపును. కొన్ని ఇంగ్లీషు అక్షరాల మెనూ చూపించి, ఎవరైనా నొక్కేవరకు అట్లే కూర్చుండును. పల్లెలో ఒంటరిగా ఉన్న ముసలమ్మకు ఆ రెండవ రకము ఎందుకూ పనికిరాదు. అంగడిలోనే ప్లగ్గు తీసి మరల పెట్టించి చూడండి. నేను అట్లు చూడక కొన్నందున ఒక ఫ్రేము మార్చవలసి వచ్చినది.

కొన్న తరువాత వాడుక సంగతి.

నేను మొదట పెట్టినప్పుడు మూడు సెకండ్లకొక బొమ్మ మారేటట్లు పెట్టినాను. మా అవ్వ కాసేపు చూచి, "యాలరా నాయనా వీళ్ళు ఇట్ల ఉరుకుతాండారు? ఎవురో గుర్తు పట్టేలోపలే పోతాండారు. నిలబడమను, మాట్లాడల్ల" అన్నది. స్టేషనులో నిలువని మెయిలు బండిలో మనవాళ్ళను వెదకినట్లున్నది ఆమెకు. నిమిషమునకొకటి చేసినాను. అప్పుడు సరిపోయినది. బొమ్మలు గిరగిర తిరిగి వచ్చుట, ముక్కలై రాలుట వంటి వేడుకలను కూడా తీసివేయండి.

ఆ మొదటి రోజుననే ఇంకొకటి జరిగినది. తాతగారి బొమ్మ రాగానే అవ్వ లేచిపోయి గాజుమీద ఆయన నొసటికి కుంకుమ పెట్టినది. అంతలో బొమ్మ మారి చిన్నప్పటి నేను వచ్చినాను. కుంకుమ నా ముక్కుమీద ఉన్నది! అందరమూ నవ్వినాము గాని, ఆమె నవ్వలేదు. "పోయినోళ్ళనూ ఉన్నోళ్ళనూ ఒకే వరుసలో పెడతారేమిరా?" అన్నది. ఆలోచించితే ఆమె మాటలో న్యాయమున్నది. పోయినవారివి ఒక ఫోల్డరు, ఉన్నవారివి ఒక ఫోల్డరు చేసి, అమావాస్యనాడు, తద్దినమునాడు మాత్రము మొదటిది పెట్టినాము. కొనే ముందు ఫోల్డర్లు వేరువేరుగా నడిపే వీలున్నదా అని అడుగండి. కుంకుమ పడితే మెత్తని పొడిగుడ్డతో తుడువండి, నీళ్ళు తగలనీయవద్దు.

పాత ఫోటోలను ఫోనుతో తీసేటప్పుడు గాజు తొలగించి, పగటివేళ వసారాలో నీడపట్టున, ఫ్లాష్ లేకుండా, ఫోను ఫోటోకు సమముగా పట్టుకొని తీయండి. తెర వెడల్పుది, మన స్టూడియో ఫోటోలు చాలావరకు నిలువువి. 'ఫిల్' అని పెడితే తెర నిండును గాని తలలు తెగిపోవును. 'ఫిట్' అని పెట్టండి. ప్రక్కన నలుపు మిగిలినా ఎవరి తలా పోదు. ఐఫోనువారు బొమ్మలను జె.పి.ఇ.జి. పద్ధతికి మార్చి ఎక్కించవలెను. ఆ ఫోను మామూలుగా దాచే పద్ధతిని చాలా ఫ్రేములు చదువలేవు. 16 జీబీ కార్డులో సుమారు ఐదువేల ఫోటోలు పట్టును. పట్టును గదా అని నింపవద్దు. పెద్దవాళ్ళకు వందలోపు చాలును.

ఇప్పుడు నా తప్పు చెప్పుకొంటాను. 63 ఫోటోలూ కార్డుమీదికి ఎక్కించి, స్థలము కోసమని ఫోనులోవి తుడిచివేసినాను. ఒక వేసవిలో ఆ కార్డు చెడిపోయినది. మా ఇంటి కాగితము ఫోటోలున్నవి గనుక 58 మరల తీసుకొన్నాను. మిగిలిన 5 కళ్యాణదుర్గంలో బంధువుల ఇంటివి. అక్కడికి పోయేసరికి వారు చెదలు పట్టిన పటములని పారవేసినారు. "నీ దగ్గర ఉన్నవి గదా నాయనా, అందుకే పారవేసినాము" అన్నారు. ఆ మాటకు నాకు జవాబు లేకపోయినది. ఫ్రేము చూపుటకే గాని దాచుటకు కాదు. ప్రతి ఫోటోకు మూడు నకళ్ళుండవలెను: రెండు రకముల సాధనముల మీద, అందులో ఒకటి వేరొక ఇంటిలో. కాగితము ఫోటోను మాత్రము ఎన్నటికీ పారవేయవద్దు.

దీనికంటె పెద్ద సంగతి పేర్లది. మేము పార్సిలు ఆఫీసులో రోజూ చూస్తుంటాము. పెట్టె ఎంత గట్టిదైనా, లోపల సరుకు ఎంత విలువైనదైనా, చీటీ ఊడిపోతే అది ఎవరిదీ కాదు. పేరులేని ఫోటో కూడా అంతే. గ్రూపు ఫోటోలో రెండవ వరుసలో బిడ్డను ఎత్తుకొన్న ఆమె ఎవరో మా నాయనకు తెలియదు, నాకు తెలియదు. అవ్వకు తెలుసు.

అందుచేత సెలవుపై పోయినప్పుడల్లా సాయంత్రము ఫ్రేమును ఒక బొమ్మ దగ్గర నిలిపి, ఆమె చెప్పినది వ్రాసుకొన్నాను. ఆ పేర్లను ఫైలు పేరుగా తెలుగులో ఇస్తే మా ఫ్రేము ఖాళీ గడులు చూపినది. దానిలో తెలుగు అక్షరాలు లేవు. ఫోనులో ఫోటోమీదనే, అడుగున, వ్రాసి ఎక్కిస్తే ఏ ఫ్రేములోనైనా కనిపించును. మా పిల్లలు చదివేది కన్నడము గనుక ప్రతి పేరూ రెండు లిపులలో వ్రాసినాను. ఇందాక మనవి చేస్తానన్నది ఇదే. మాట తెలుగు, అక్షరము కన్నడము అయిన ఇండ్లలో రెండూ వ్రాయకపోతే ఒక తరానికి ఆ పేరు అందదు.

తరువాత, వ్రాయుటకంటె ఆమె గొంతే పట్టితే మంచిదని తోచి, ఒక్కొక్క ఫోటోకు ఆమె మాటలు చేర్చి చిన్న వీడియోలు చేసినాను. శబ్దము వచ్చే ఫ్రేమయితే వాటిని చూపి, వినిపించును. ఒక ఫోటోలో తాతగారు చెనిక్కాయ చేనులో నిలబడి ఉన్నారు. ఆ చేను ఇప్పుడు చేనుగా లేదు. 2018లో మా ప్రాంతములో ప్రారంభమైన సోలార్ పార్కు సుమారు 13,000 ఎకరాలలో 2050 మెగావాట్లకు పెరిగినది. రైతులు భూమిని అమ్మలేదు, గుత్తకిచ్చినారు, మేమూ ఇచ్చినాము. ఏటా డబ్బు వచ్చుచున్నది, కాదనను. కాని ఇప్పుడు అక్కడ కనుచూపు మేర నల్లని పలకలే. చేను గట్టు ఎక్కడ ఉండేదో, చింతచెట్టు ఎక్కడ ఉండేదో ఆ ఫోటోలో అవ్వ గొంతు చెప్తేనే నా కూతురికి తెలియును.

ఇట్లు 40 ఫోటోలు అయినవి. మిగిలిన 18 సంక్రాంతికి పోయినప్పుడు చూతామనుకొన్నాను. ఆ పండుగకు సెలవు దొరకలేదు. ఉగాదికి తప్పక వస్తానని ఫోనులో చెప్పినాను. ఉగాదికి ముందే ఆమె పోయినది.

మా అమ్మ కొన్నాళ్ళు ఆ ఫ్రేముకు శబ్దము ఆపమన్నది. కర్మలు ముగిసిన మరునాడు తానే, "పెట్టరా, ఇల్లు మూగబోయినట్లున్నది" అన్నది. ఇప్పుడు సాయంత్రము దీపము పెట్టేవేళ మా నడిమింట్లో ఆ గొంతు వినబడును. మధ్యలో ఆ 18 బొమ్మలూ వచ్చును. అప్పుడు ఇల్లు నిశ్శబ్దము. రెండవ వరుసలో బిడ్డను ఎత్తుకొన్న ఆమె వాటిలో ఒకతె. ఆమె మా వైపే చూస్తూ ఉంటుంది. ఆమె ఎవరో చెప్పేవారు లేరు.

కనుక నేను మనవి చేసేది ఇంతే. ఫ్రేము మంచిదే కొనండి, చూచి కొనండి. కాని దానికి ముందు ఈ పండుగ సెలవులోనే మీ ఇంటి పెద్దల ప్రక్కన కూర్చొని, ఫోటోల వెనుక పెన్సిలుతో మెల్లగా పేర్లు వ్రాయండి. ఊరికి పోలేనివారు ఈ రాత్రే ఫోను చేసి అడుగండి. ఫ్రేము వచ్చే ఏడు కూడా అంగడిలో దొరుకును.