సాయానికి వచ్చినవారికి పీట వెయ్యరా?



పెళ్ళివారింటికి వంటసాయానికని వెళతాం. కొంగు బిగించి, ఏం తరగమంటారని అడుగుతాం. కత్తిపీట ఎక్కడుందో చెప్పేవారుండరు. మనమే వెతుక్కుని రెండు ఆనపకాయలు తరిగి పెడితే సాయంత్రం దాకా ఆ ముక్కలు అక్కడే వాడిపోతూ ఉంటాయి. మర్నాడు పిలిచినా వెళతామా?

కంప్యూటర్ల లోకంలోనూ ఇటువంటి పెళ్ళిళ్ళున్నాయంటే నేను మొదట నమ్మలేదు. ఓపెన్ సోర్స్ అని ఒక పద్ధతి ఉంది. సాఫ్టువేరు ఎలా రాశారో ఆ రాతంతా బయట పెడతారు. ఎవరైనా చదవచ్చు, తప్పు కనబడితే దిద్ది పంపవచ్చు. ప్రోగ్రాములు రాయడం రాని మనలాంటివాళ్ళు తెలుగు మాటలు సమకూర్చి ఇవ్వవచ్చు. డబ్బివ్వరు, మనం అడగం కూడా.

రెండేళ్ళ క్రితం మా అబ్బాయి అటువంటిదొకటి నా కంప్యూటర్లో పెట్టాడు. నేను ముప్పై ఏళ్ళు తెలుగు పాఠం చెప్పినదాన్ని. తీరా చూద్దును గదా, రాసినదాన్ని భద్రం చేసుకునే బటన్ మీద 'రక్షించు' అని ఉంది! ఎవరినుంచి రక్షించాలో తెలియదు. అలాంటివి నూటపది ఏరి, పక్కన సరైన మాట రాసి పంపాను. రోజూ వంట కాగానే కూర్చుని రెండు నెలలు చేసిన పని. ఏడాది గడిచినా ఉలుకూ పలుకూ లేదు. మళ్ళీ రాస్తే, మీరు పంపినది నిబంధనల ప్రకారం లేదని ఒక్క వాక్యం వచ్చింది. ఏ నిబంధనో, అదెక్కడుందో చెప్పలేదు. అక్కడున్నవాళ్ళూ జీతం లేకుండా చేసేవాళ్ళే, నలుగురి పని ఒకరి నెత్తిన పడితే ఉత్తరాలు చూసే వేళెక్కడిది? అది నాకు తెలుసు. అయినా మనసు విరిగింది.

దురుసు మాటలకు బెదిరి వెళ్ళిపోయేవారూ ఉన్నారు. లినక్స్‌కు ఆద్యుడైన లైనస్ టోర్వాల్డ్స్ 2018 సెప్టెంబరులో తన కటువు ఉత్తరాలకు బాహాటంగా క్షమాపణ చెప్పి, కొన్ని వారాలు పని పక్కన పెట్టాడు. తిట్టిన సంగతి నలుగురికీ తెలుస్తుంది గనుక ఎప్పటికో అప్పటికి అడిగేవారుంటారు. జవాబు రాక వెళ్ళిపోయిన మనిషి లెక్క ఎవరి దగ్గర ఉంటుంది?

ఓపెన్ ఆఫీస్ కథ వినండి. ఉత్తరాలు, లెక్కలు రాసుకునే సాఫ్టువేరు అది. ఒక జర్మన్ కంపెనీ చేసినదాన్ని అమెరికాలోని సన్ మైక్రోసిస్టమ్స్ 1999లో కొని, 2000లో దాని రాతను లోకానికి తెరిచింది. తెరిచిందన్న మాటే గాని తాళంచెవులు తన బొడ్లోనే దోపుకుంది. బయటివాళ్ళు ఏదైనా రాసి ఇస్తే, దానిమీద హక్కులో కంపెనీకీ భాగమిస్తున్నట్టు సంతకం పెట్టాలి. దాన్ని కంపెనీ తాను అమ్ముకునే స్టార్ ఆఫీస్‌లోనూ వాడుకోవచ్చు. ఇంతా చేస్తే, పంపిన దిద్దుబాట్లు నెలల తరబడి పడి ఉండేవి. విసిగినవాళ్ళు వాటన్నిటినీ కలుపుకుని 'గో-ఓఓ' అని వేరే కూర్పే నడుపుకున్నారు.

2010లో సన్‌ను ఒరాకిల్ కొన్నది. ఆ సెప్టెంబరు 28న, పనిచేసేవాళ్ళలో ముఖ్యులు చాలామంది డాక్యుమెంట్ ఫౌండేషన్ అని వేరు కుంపటి పెట్టుకున్నారు. పాతపేరు చేతికి రాలేదు గనుక లిబ్రే ఆఫీస్ అన్నారు. అటు చేరినవారు పాత సంఘం కార్యవర్గంలోంచి తప్పుకోవాలని అక్టోబరులో ఒరాకిల్ వాళ్ళు కోరారు. మరుసటి ఏడు జూన్‌లో ఒరాకిలే ఓపెన్ ఆఫీస్‌ను అపాచీ సంస్థకు ఇచ్చేసింది. అప్పటికే సగం ఇల్లు ఖాళీ.

వేరుపడ్డవాళ్ళు ఆ హక్కుల సంతకం తీసేశారు. కొత్తవారి కోసమని చిన్న చిన్న పనుల జాబితా ఒకటి కట్టారు. పాత రాతలో ప్రోగ్రాములు రాసినవాళ్ళు తమకోసం రాసుకున్న వివరణలు బోలెడు జర్మన్‌లో ఉండేవి. వాటిని ఇంగ్లీషులోకి మార్చడం కూడా అటువంటి పనే. జర్మన్ వస్తే చాలు. కత్తిపీట చేతికిచ్చి, ఇదిగోనమ్మా బీరకాయలు, అన్నట్టు!

ఈ మధ్య మా కోడలు బలవంతం మీద నా నూటపది మాటలూ మరో బృందానికి పంపాను. మూడో రోజుకే ఒక కుర్రాడు జవాబు రాశాడు. "అమ్మగారూ, 'భద్రపరచు' పొడుగైంది, బటన్‌లో పట్టడం లేదు, 'దాచు' అందామా?" అని. దాచడమంటే కనబడకుండా చేయడం కూడా కదా నాయనా, దానికి వేరే బటన్ ఉందే అన్నాను. వారమైంది, ఇంకా తేలలేదు. నిన్న రాత్రి మళ్ళీ ఏదో రాశాడట. ఇంటికి వెళ్ళి చూడాలి.