తిప్పనక్కరలేని తాళపుచెవి

(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయ రజతోత్సవములలో మాటలాడువారు గ్రంథమహిమను గూర్చి మాటలాడుట ఆచారము. కార్యదర్శిగారు నన్ను భారతమునుండి ఏదైన నొక ఘట్టము చెప్పుమని కోరిరి. నేను కారు తాళపుచెవిని గూర్చి చెప్పెదనంటిని. వారు నా ముఖము తేరిపార జూచి, "కరణంగారూ, ఒంట్లో కులాసాగా ఉన్నది గదా?" యనిరి. 1984లో కరణీకములు రద్దయినను, ఊరివారు మా యింటివారి నింకను ఆ పేరుతోనే పిలుచుచున్నారు. నేను వ్రాయునవి సహకార సంఘపు లెక్కలు మాత్రమే.

నే నీ విషయమున తల దూర్చుటకు కారణ మొకటి కలదు. గడచిన కార్తికమాసమున నొకనాటి తెల్లవారుజామున మా అక్కయ్యకు ఆయాసము వచ్చినది. మా మేనల్లుడు క్రొత్తగా కొన్న కారు వాకిట నుండెను. దానికి తాళపుచెవి దూర్చు రంధ్రము లేదు. అగ్గిపెట్టె యంత నల్లని డబ్బీ యొకటి జేబులో నుండిన చాలును. తలుపు పిడిపై చేయి వేసిన తలుపు తెరచుకొనును. లోపల మీట నొక్కిన ఇంజను కదలును. ముందునాటి రాత్రి కారులోని సామాను దింపుటకై నేను దానిని తీసికొని, నా చొక్కా జేబులో వేసికొని మరచితిని. తెల్లవారుజామున అక్కయ్యను పట్టుకొని వెనుక సీటులో కూర్చుండబెట్టుచుండగా మేనల్లుడు మీట నొక్కెను. ఇంజను పలికినది. నేను వెనుకకు జరిగి తలుపు మూసితిని. కారు వెళ్లిపోయినది. ఏదో కీచుమని కూసినదట. ఆ తొందరలో దాని నెవరు విందురు?

ఆసుపత్రి ముప్పది కిలోమీటర్ల దూరము. అచ్చటి వైద్యులు పరీక్షించి, ప్రాణవాయువు పెట్టి, వెంటనే పెద్ద ఆసుపత్రికి తీసికొనిపొండనిరి. మేనల్లుడు మరల మీట నొక్కెను. కారు ఉలుకలేదు, పలుకలేదు. "మామయ్యా, తాళం గాని నీ దగ్గరుందా?" అని ఫోనులో నడిగినప్పుడు నా చేయి తనంతట తానే జేబులోనికి పోయినది. 108 వాహనము వచ్చి ఆమెను కొనిపోయిన మాట నిజమే గాని, అది వచ్చువరకు గడచిన ముప్పావుగంటను నేను మరువజాలను. అక్కయ్య నేడీ సభలో ముందువరుసను కూర్చుండి నన్ను జూచి నవ్వుచున్నది గనుక ఈ సంగతి చెప్పుటకు నాకు ధైర్యము చాలినది.

ఆ ఉదయము బస్సులో కూర్చుండి ఆ డబ్బీని త్రిప్పి త్రిప్పి చూచితిని. ఇది లేకుండ ముప్పది కిలోమీటర్లు పరుగెత్తిన బండి, ఆగిన పిదప ఏల కదలదు? మా యింటి కుఱ్ఱవాండ్ర నడిగితిని. వారికి వాడుట తెలియును, కారణము తెలియదు. కారుతో నిచ్చిన పుస్తకము నాలుగువందల పుటలు గలది, కట్టు విప్పనిదై అరలో నుండెను. దానిని చదివితిని. చాలనిదానిని మన గ్రంథాలయపు కంప్యూటరు ముందు కూర్చుండి మూడు మాసములు చదివితిని. అందు గ్రహించినది మనవి చేయుదును.

ఇనుప తాళపుచెవికి గల బలమంతయు దాని ఆకారమే. మైనపు ముద్దలో అచ్చు తీసిన వానికి తాళము లొంగును. దూరమునుండి తెరచు పద్ధతి వచ్చినప్పుడు ఆకారమునకు మాఱు సంకేతము వచ్చినది. 1982లో ఫ్రాన్సుదేశపు రెనో వారు ఫ్యూగో అను కారునకు అట్టి సాధనము నమర్చిరి. తొలినాటి సాధనములు మీట నొక్కినప్పుడెల్ల ఒకే సంకేతమును పంపెడివి. కోటవాకిట కావలివానికి చెప్పు సంకేతపదము ప్రతిదినము నొకటే యైనచో, చాటున నిలిచి ఒకమాఱు విన్నవాడు రెండవమాఱు తానే చెప్పి లోనికి పోవచ్చును గదా! వినుటకు చెవి చాలదు, చిన్న రేడియో యంత్రము కావలెను, తక్కినదంతయు నదియే.

దీనికి వారు కనుగొన్న ఉపాయము లెక్కలవాడనగు నాకు మిక్కిలి నచ్చినది. మన సంఘములో రశీదు పుస్తకములున్నవి. ప్రతి రశీదునకును క్రమసంఖ్య యుండును. 412వ నంబరు రశీదు నేడు జమ కట్టితినేని, రేపెవరైన 412నే మరల తెచ్చినచో "అది చెల్లినదయ్యా" అని త్రిప్పి పంపుదును. తాళపుచెవియు కారును కూడ ఇట్టి లెక్క నొకదానిని చెరియొకచోట వ్రాసికొనుచుండును. మీట నొక్కినప్పుడెల్ల డబ్బీలోని సంఖ్య ఒకటి పెరుగును. ఆ సంఖ్యను తమ కిద్దఱికి మాత్రమే తెలిసిన రహస్యసంఖ్యతో కలియబెట్టి, గుర్తుపట్టరాని ముద్దగా జేసి డబ్బీ పంపును. ఐరోపాలో సాధారణముగా 433.92 మెగాహెర్ట్జుల తరంగముపైన, అమెరికాలో 315పైన ఈ ముద్ద ప్రయాణము చేయును. కారు దానిని విడదీసి, సంఖ్య తన చిట్టాలోని కడపటిదానికంటె పెద్దదైనచో తలుపు తెరచును, పాతదైనచో ఊరకుండును.

మరి ఇంటిలో మనుమడు ఆడుకొనుచు మీటను పదిమార్లు నొక్కినచో? డబ్బీ లెక్క ముందునకు పోవును, కారు లెక్క వెనుక నుండును. రెండు పుస్తకములకును పొత్తు కుదరదు. దీనికిని వారు దారి చూచిరి. దక్షిణాఫ్రికాలో 1980 దశకమున పుట్టి, 1995లో అమెరికాకు చెందిన మైక్రోచిప్ సంస్థ చేతికి వచ్చిన కీలాక్ అను పద్ధతిలో, పదునాఱు సంఖ్యల వఱకు ముందున్నను కారు మన్నించును. అంతకు మించినచో వరుసగా రెండుమార్లు నొక్కించుకొని, రెండును ఒకదానివెంట నొకటి వచ్చినవని తేల్చుకొని, తన లెక్కను సరిచేసికొనును. సంవత్సరాంతమున తేడా వచ్చినప్పుడు మేము చేయునదియు నిదియే. కాకున్న మాకు రాత్రి నిద్ర యుండదు, దానికి బాధ లేదు.

ఆ కీలాక్ పద్ధతిలో 32 బిట్ల ముద్దను 64 బిట్ల రహస్యముతో 528 మార్లు కలియబెట్టుదురు. అంత కలిపినను 2008లో జర్మనీలోని బోకుమ్ విశ్వవిద్యాలయమువారు దాని గుట్టు రట్టుచేసిరి. చేసిన తీరు విచిత్రము. ఆ సాధనము లెక్క కట్టుచున్నప్పుడు ఎంతెంత విద్యుత్తు త్రాగుచున్నదో కొలిచి, ఆ హెచ్చుతగ్గులనుండి లోపలి రహస్యమును రాబట్టిరి. పొగగొట్టమును జూచి లోపల వండుచున్న కూర యేదియో చెప్పినట్లు! నేటి క్రొత్త సాధనములలో చాలవఱకు 128 బిట్ల రహస్యముతో, లోకమంతయు పరీక్షించిన ఏ.ఇ.ఎస్. అను పద్ధతిని వాడుచున్నారు.

ఇది తలుపు మాట. ఇంజను మాట వేఱు. తలుపు పగులగొట్టి లోనికి వచ్చినవాడు తీగలు కలిపి బండి నడుపకుండ నుండుటకు, డబ్బీలో మఱియొక చిన్న చిప్పును దాచుదురు. ఐరోపా సమాజ దేశములలో 1998 అక్టోబరునుండి క్రొత్త కారులకు ఇంజనును కట్టివేయు ఇట్టి ఏర్పాటు తప్పనిసరి యైనది. ఈ చిప్పు చేయు పనిని చదువునప్పుడు నాకు సుందరకాండ తలపునకు వచ్చినది. హనుమంతుడు సీతమ్మను చూచి నేను రామదూతననెను. ఆమె నమ్మలేదు. రావణుడే మాఱువేషమున వచ్చెనేమోయని శంకించి, రామలక్ష్మణుల ఆనవాళ్లు చెప్పుమని ప్రశ్నించెను. హనుమంతుడు రాముని రూపమును సర్వాంగములు వర్ణించిన పిదపనే ఉంగరము నిచ్చెను. ఉంగరము వస్తువు, వస్తువును దొంగిలింపవచ్చును. ప్రశ్నకు సరియైన జవాబును దొంగిలించుట కష్టము.

కారు కూడ నట్లే ప్రశ్నించును. ప్రతిమాఱు అప్పటికప్పుడు పుట్టించిన క్రొత్త సంఖ్య నొకదానిని పంపి, "దీనికి జవాబేమి?" యని యడుగును. చిప్పు ఆ సంఖ్యను తన రహస్యముతో కలిపి, వచ్చిన ఫలితమును మాత్రము చెప్పును. రహస్యమును ఎన్నడును బయటపెట్టదు. కారు తానును అదే లెక్క కట్టి రెండింటిని పోల్చును. ప్రశ్న ప్రతిదినము మాఱును గనుక నిన్నటి జవాబు విన్నవానికి ప్రయోజనము లేదు. ఇంకొక విశేషము: ఈ చిప్పునకు బ్యాటరీ అక్కరలేదు. కారులోని తీగచుట్ట సెకనుకు 1,25,000 మార్లు కంపించు అయస్కాంత క్షేత్రమును పుట్టించును. చిప్పు దానినుండియే బలము పుచ్చుకొని బదులు చెప్పును. కనుకనే డబ్బీలోని బ్యాటరీ చచ్చినప్పుడు, డబ్బీని మీటకే ఆనించి పట్టినచో పెక్కు కారులు కదలును. తలుపు తెరచుటకు డబ్బీలోపల చిన్న ఇనుప తాళపుచెవి దాగియుండును. మా యింట ఈ రెండు సంగతులును ఎవరికిని తెలియవు. అన్నియు ఆ కట్టు విప్పని పుస్తకములోనే యున్నవి.

ఇక మేనల్లుని కారువంటి బండ్లలో మనము మీటయు నొక్కము. పిడిపై చేయి వేయగనే కారు తానే మెల్లని తరంగముపై ప్రశ్న వేయును. ఆ ప్రశ్న ఒకటి రెండు మీటర్లకు మించి వినబడకుండునట్లు ఏర్పరచిరి. జేబులోని డబ్బీ మేల్కొని, వడిగల తరంగముపై జవాబు పంపును. కారులోపల పలుచోట్ల తీగచుట్టలుండును. ఏ చుట్ట ప్రశ్న డబ్బీకి ఎంత గట్టిగా వినబడినదో చూచి, డబ్బీ లోపల నున్నదా వెలుపల నున్నదా యని తేల్చుకొనును. ఆనాడు నేను అక్కయ్యను కూర్చుండబెట్టుటకు వంగినప్పుడు నా జేబు కారులోనే యున్నది. కారు తప్పు చేయలేదు, తప్పు చేసినవాడను నేను. కదలిన బండిని డబ్బీ దూరమైనంతమాత్రమున ఆపరాదని వారు నియమము పెట్టిరి. వేగముగా పోవు బండి నడిరోడ్డున బ్యాటరీ చచ్చినదని హఠాత్తుగా ఆగినచో ప్రాణములు పోవును గదా. కనుక కీచుమని హెచ్చరించి ఊరకుండును. ఆపిన పిదప మాత్రము డబ్బీ లేనిదే కదలదు. ఆ నియమమువలననే అక్కయ్య దారిలో నిలిచిపోక ఆసుపత్రి చేరినది. అందువలన నేను దానిని నిందింపలేను.

కాని సభాసదులారా, ఈ ఏర్పాటంతయు ఒక నమ్మకముపై నిలిచియున్నది. ప్రశ్న విన్నవాడు దగ్గరనే యున్నాడని ఆ నమ్మకము. దీనిని 2011లో స్విట్జర్లాండులోని జ్యూరిక్ నగరపు సాంకేతిక విశ్వవిద్యాలయ పరిశోధకులు మువ్వురు పరీక్షించిరి. ఎనిమిది సంస్థల పది రకముల కారులు తెచ్చిరి. ఒక చుట్టను కారుచెంత, మఱియొకదానిని డబ్బీచెంత పెట్టి, కారు వేసిన ప్రశ్నను ఇచ్చటినుండి అచ్చటికి చేరవేసిరి. డబ్బీ తన యజమాని చేయి పిడిపై నున్నదనుకొని నిజమైన జవాబే చెప్పెను. పది కారులును తెరచుకొనెను, పదియును కదలెను.

ఇచ్చట మారీచుడు లేడు. మారీచుడు రాముని కంఠమును అనుకరించెను. వీరు ఎవరి కంఠమును అనుకరింపలేదు, ఏ రహస్యమును ఛేదింపలేదు. భాష తెలియని బంట్రోతు జాబు మోసినట్లు మోసిరి, అంతే. 128 బిట్లున్నను వేయి బిట్లున్నను ఇందుకు అడ్డు లేదు. ఐరోపాలో ఇట్టి దొంగతనములు పలుమాఱు జరిగినవి. రాత్రివేళ నొకడు ఇంటి గోడవెంట చుట్ట పట్టుకొని నడచును, ఒకడు కారుచెంత నిలుచును. కుక్క మొఱుగునంతలో బండి వీధి దాటును. దాటిన పిదప డబ్బీ దూరమైనను ఇంజను ఆగదు. మా అక్కయ్యను ఆసుపత్రికి చేర్చిన నియమమే దొంగను ఊరు దాటించుచున్నది. ఈ మాట గ్రహించిన రాత్రి నేను చాలసేపు మేల్కొంటిని.

దీనికి క్రొత్త విరుగుడు కాలమును కొలుచుట. రేడియో తరంగము సెకనులో నూఱుకోట్లవ వంతున ముప్పది సెంటీమీటర్లు పోవును. అంతకంటె వేగముగా పోవుట ఎవరి తరమును గాదు. అతిసూక్ష్మమైన తరంగపు తునకలను పంపి, జవాబు వచ్చుటకు పట్టిన కాలమును కొలిచినచో డబ్బీ ఎంత దూరమున నున్నదో తేలును. నడుమ మోయువాడు దూరమును పెంచగలడు గాని తగ్గింపలేడు. అల్ట్రావైడ్‌బ్యాండ్ అను ఈ పద్ధతిని 2021లో కారు, ఫోను సంస్థల కూటమి తమ డిజిటల్ తాళపుచెవి నిబంధనలలో చేర్చినది. మఱికొన్ని డబ్బీలలో కదలికను గుర్తించు సాధన ముండును. కొంతసేపు కదల్పక బల్లపై పెట్టినచో డబ్బీ నిద్రపోవును, ఎవరు పిలిచినను పలుకదు.

మేనల్లుని డబ్బీలో ఈ రెండును లేవు. అతడు దానిని వీధితలుపు ప్రక్కనున్న కొయ్యకు తగిలించెడివాడు; గోడకావల నాలుగడుగులలో కారు. నేను దానిని ఇనుపడబ్బాలో పెట్టించితిని. ఏ డబ్బాయైనను పనికివచ్చునని యనుకొనకుడు. మొదట తెచ్చిన బిస్కత్తుల డబ్బా మూత వదులు. డబ్బాను చేతబట్టుకొని కారుకడకు పోగా తలుపు ఠక్కున తెరచుకొన్నది. రెండవది, అక్కయ్య పసుపు పోసికొను బిగుతైన స్టీలు డబ్బా, దానితో తెరచుకొనలేదు. మీ యిండ్లలో నిట్టి కారులున్నవారు ఈ పరీక్షను మీరే చేసి చూచుకొనుడు. అరనిమిషపు పని. అక్కయ్య మాత్రము తన పసుపు డబ్బా తనకు ఎప్పుడిచ్చెదవని నేటికిని అడుగుచున్నది.

కార్యదర్శిగారు గడియారము చూపుచున్నారు. బహుమతి పుస్తకములు పంచుటకు బీరువా తెరువవలెను గాబోలు. దాని తాళపుచెవి నాయొద్దనే యున్నది. ఇనుపది, ఈమాఱు జేబులో లేదు, మొలత్రాటికి కట్టుకొంటిని.