“నెట్ లేదు” అను మాటకు నాలుగు అర్థములు
(బోనకల్‌లో గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)

సర్పంచులారా, వార్డు సభ్యులారా,

కాజీపేట – విజయవాడ రైలుమార్గముపై నున్నది మీ బోనకల్ స్టేషను. బండి దారిలో నిలిచిపోయినపుడు ప్రయాణికులు ఊరకుండరు. సిగ్నలు పడలేదా, ముందు మరొక బండి యున్నదా, ఇంజను చెడినదా అని విచారింతురు. కారణము తెలిసినగాని ఎంతసేపు ఆగవలెనో, ఎవరిని అడుగవలెనో తెలియదు గదా!

పంచాయతీ కార్యాలయములో “నెట్ లేదు” అన్నపుడు మాత్రము మనమా విచారణ చేయుట లేదు. బిడ్డ జనన ధ్రువపత్రమునకై ఒకనాటి కూలి మానుకొని వచ్చిన తల్లి ఆ రెండు మాటలు విని వెనుకకు పోవుచున్నది. మరల వచ్చిన నాడును అదే మాట వినవచ్చును. ఆ మాటకు నాలుగు అర్థములు గలవు. నాలుగింటికి మందులు వేరు. వానిని గుర్తించుటకు కావలసిన కొద్దిపాటి పదములను మీకు పరిచయము చేయవలెనని మేము వచ్చితిమి.

మొదటిది నెట్‌వర్క్. నెట్ అనగా వల. వలలో దారములు ముడులను కలుపునట్లు కంప్యూటర్లను, ప్రింటర్లను, ఫోన్లను ఒకదానితో నొకటి కలుపు ఏర్పాటే నెట్‌వర్క్. ఒక్క కార్యాలయములోనో, ఒక్క భవనములోనో ఉన్న చిన్న వలను లాన్ అందురు. ఇట్టి వలలు లోకమంతట ఒకదానితో నొకటి ముడిపడగా ఏర్పడిన మహావల ఇంటర్నెట్. చిన్న వల బాగుండి మహావలతో సంబంధము తెగియుండవచ్చును. ఈ భేదము ముఖ్యము.

రెండవది రౌటర్. డోర్నకల్ జంక్షనును తలచుకొనుడు. కొత్తగూడెము వైపు పోవు బండిని ఒక దారికి, విజయవాడకు పోవు బండిని మరొక దారికి అచ్చట మళ్ళింతురు. సమాచారమును చిన్న చిన్న పొట్లములుగా కట్టి పంపుదురు. ఏ పొట్లము ఏ దారిని పోవలెనో చూచి మళ్ళించునది రౌటర్. ప్రతి పొట్లముపై చేరవలసిన చిరునామా యుండును. దానినే ఐపీ అడ్రసు అందురు. లాన్ లోపలి యంత్రముల చిరునామాలు తరచు 192.168 అను అంకెలతో మొదలగును.

మూడవది వైఫై. తీగ లేకుండ రేడియో తరంగములపై సమాచారము పంపు పద్ధతి యిది. ఈ విద్యకు మన దేశమందును పూర్వులు గలరు. 1895లో జగదీశ్ చంద్ర బోసు కలకత్తాలో తీగలేని తరంగములను ప్రదర్శించి చూపెను. ఊరి చావడిలో రేడియో పెట్టె యున్న కాలమున జనులు వినుటయే గాని బదులు చెప్పుటకు వీలులేదు. వైఫైలో ఇరువైపుల మాటయు నడచును. దీని ప్రమాణము 1997లో వెలువడెను. 2.4 గిగాహెర్ట్జ్ తరంగములను లైసెన్సు లేకుండ వాడుకొనుటకు మన దేశములో 2005లో అనుమతి లభించెను. ఆ తరంగపు నిడివి సుమారు 12.5 సెంటీమీటర్లు, అనగా జానెడులో సగమునకు కొంచెము హెచ్చు. 5 గిగాహెర్ట్జ్ తరంగము వేగము గలదియే గాని గోడలు దాటుటలో బలహీనము. మందపు గోడలు, ఇనుప బీరువాలు, తడి యాకుల చెట్లు తరంగములను మింగివేయును. భద్రాచలము వైపు అడవిపల్లెలలో ఇది మరింత గమనింపదగినది. కావున వైఫై పెట్టెను బీరువాలో పెట్టి తాళము వేయక, గది నడుమ ఎత్తున ఉంచవలెను.

ఇక నాలుగు అర్థములను వినుడు.

ఒకటి: వైఫై గుర్తే కనబడదు. పెట్టెకు కరెంటున్నదా, దూరమెక్కువైనదా చూడవలెను.

రెండు: గుర్తు నిండుగ నున్నది, ఏమియు తెరచుకొనదు. ఆ గుర్తు మీ ఫోనుకును పెట్టెకును నడుమ నున్న బలమునే తెలుపును. బయటి దారి సంగతి దానికి తెలియదు. లాన్‌పై ప్రింటరు పనిచేయుచున్నచో లోపలి వల బాగున్నట్లే. లేనిచో తీగలను, రౌటర్‌ను పరీక్షింపవలెను.

మూడు: లోపల బాగున్నను బయటి దారి తెగినది. ఫైబరు తీగ వచ్చి చేరు చిన్న పెట్టెపై ఎల్.ఓ.ఎస్. అను దీపము ఎర్రగా మెరయుచున్నచో వెలుగు అందుట లేదని అర్థము. అపుడు ఫైబరు సంస్థకే ఫిర్యాదు చేయవలెను.

నాలుగు: ఇతర పుటలన్నియు తెరచుకొనుచు ఒక్కటి మాత్రము తెరచుకొనదు. అనగా దూరమందలి సర్వరు నిలిచినది. అపుడు మీ రౌటర్‌ను ఎన్ని మారులు ఆపి వేసినను ఫలము లేదు.

గ్రామ పంచాయతీలకు ఫైబరు తీగ చేర్చు పథకమును కేంద్ర ప్రభుత్వము 2011లో ఆమోదించెను. తరువాత దానికే భారత్‌నెట్ అని పేరు వచ్చెను. సుమారు రెండున్నర లక్షల పంచాయతీలకు సెకనుకు 100 మెగాబిట్ల వేగము అందించుట నాటి లక్ష్యము. ఎనిమిది బిట్లు ఒక బైటు. కనుక 100 మెగాబిట్లనగా 12.5 మెగాబైట్లు మాత్రమే. దానిని కార్యాలయమంతయు పంచుకొనవలెను. పది ఫోన్లలో సినిమాలు నడచుచుండగా ధ్రువపత్రపు పని నెమ్మదించుట సహజము. కావున పాస్‌వర్డు పెట్టుడు. పెట్టెతో వచ్చిన పాత పాస్‌వర్డును మొదటిరోజే మార్చుడు. తలుపు తెరచియుంచిన ధాన్యపు గాదెకును, పాస్‌వర్డు లేని వైఫైకిని భేదము లేదు.

కడపటి మాట. ఫైబరు తీగ జుట్టు వెండ్రుకంత సన్నని గాజుపోగుతో నైనది. మురుగు కాలువకో, నీటి గొట్టమునకో మన పంచాయతీయే త్రవ్వించిన గోతిలో అది తెగవచ్చును. త్రవ్వుటకు ముందు తీగల యజమానులకు తెలుపుటకై కేంద్ర ప్రభుత్వము 2023లో ‘కాల్ బిఫోర్ యు డిగ్’ అను యాప్‌ను ప్రారంభించెను. త్రవ్వు యంత్రము ఊరిలోనికి వచ్చు ముందు ఒకమారు విచారించుడు.

సభ్యులారా! ఇకమీద ఎవరైన “నెట్ లేదు” అన్నచో “నాలుగింటిలో ఏది?” అని అడుగుడు. ఫిర్యాదు పుస్తకములో తేదీతో వ్రాయించుడు. ఆ తల్లిని ఊరక పంపక, ఏనాడు రావలెనో చెప్పి పంపుడు. మరొక దినపు కూలి ఆమెకు మిగులును.